కాలికి పాతిక శాతం, మరి మగ్గానికి?

ప్రశ్న: మాది గట్టుప్పల్. మా ఆయనకు ముప్పై ఎనిమిదేళ్లు. గుంట మగ్గం మీద చీరలు నేస్తారు. కండెలు చుట్టడం, ఆసు పోయడం (మేకుల చుట్టూ నూలు తిప్పడం) నా పని. ఐదు నెలల కిందట నేసిన చీరలు అప్పగించి బండి మీద తిరిగి వస్తుంటే చిట్యాల దగ్గర హైవేపై లారీ వెనక నుంచి గుద్దింది. ఎడమ మోకాలి దగ్గర ఎముక ముక్కలైంది. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ చేసి ప్లేట్లు వేశారు. ఇప్పుడు మోకాలు సగం కూడా మడతపడదు. డాక్టరు పాతిక శాతం వైకల్యం అని రాశారు. బీమా కంపెనీ తరఫున అంటూ ఒకాయన ఇంటికి వచ్చి, రెండున్నర లక్షలు ఇస్తాం, సంతకం పెట్టండి, హెల్మెట్ లేదు కాబట్టి కోర్టుకు వెళితే అదీ రాదు అన్నారు. మా ఊరి మనిషి ఒకరు వకీలును తానే మాట్లాడతానని, వచ్చిన దాంట్లో ముప్పై శాతం ఇవ్వమని అడుగుతున్నారు. ఇంట్లోవాళ్లేమో మగ్గం అమ్మేసి అప్పు తీర్చమంటున్నారు. ఏం చేయాలో తెలియడం లేదు.
— ఒక సోదరి, నల్లగొండ జిల్లా

సమాధానం:

అమ్మా, ముందుగా ఒక మాట. ఆ సంతకం పెట్టకండి. ఇంకో మాట, ఐదు నెలలు అయిపోయాయన్నారు కాబట్టి ఈ ఉత్తరం చదివిన మర్నాడే కదలండి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు ట్రిబ్యునల్‌లో, అంటే ప్రమాద పరిహారం కేసులు విచారించే కోర్టులో, పిటిషన్ వేయాలి. ఈ గడువు చెల్లుతుందా లేదా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అందువల్ల గడువు దాటినవాళ్లు కూడా వకీలును అడగకుండా ఆశ వదులుకోకూడదు. కానీ చేతిలో ఇంకా నెల రోజులున్న మీరు ఆ వివాదంలో చిక్కుకోవలసిన పని లేదు.

ఆ రెండున్నర లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయో చెబుతాను. అది మీ ఆయన కాలిని చూసి కట్టిన లెక్క కాదు. చట్టంలో 164వ సెక్షన్ ఒకటుంది. తప్పు ఎవరిదన్న విచారణ లేకుండానే, చనిపోతే 5 లక్షలు, తీవ్రంగా గాయపడితే రెండున్నర లక్షలు ఇవ్వాలని అందులో ఉంది. వేలు విరిగిన తీవ్ర గాయానికీ అంతే, నడుము విరిగిన తీవ్ర గాయానికీ అంతే. ఎదుటి డ్రైవరు తప్పును రుజువు చేయలేని వారికి ఇది పెద్ద ఆసరా. మీకు అలాంటి ఇబ్బంది ఉన్నట్టు లేదు. లారీ వెనక నుంచి గుద్దిందని మీరే రాశారు, కేసు నమోదై ఉంటుంది. చట్టంలో చెప్పిన పద్ధతిలో ఆ డబ్బుకు ఒప్పుకుంటే, పూర్తి పరిహారం కోసం 166వ సెక్షన్ కింద వేసే పిటిషన్ అక్కడితో ముగిసిపోతుంది. వచ్చినాయన ఈ సంగతి చెప్పి ఉండరు. మళ్లీ వస్తే మర్యాదగా కూర్చోబెట్టి, మాట్లాడే ప్రతి మాటా కంపెనీ కాగితం మీద రాసి ఇవ్వమనండి. చాలామంది అక్కడే లేచి వెళ్లిపోతారు.

ఇక హెల్మెట్ సంగతి. హెల్మెట్ పెట్టుకోకపోవడం తప్పే, దానికి జరిమానా ఉంది. అయితే పరిహారంలో కోత పెట్టాలంటే, ఆ తప్పు వల్లే ప్రమాదం జరిగిందనో గాయం పెద్దదైందనో చూపాలి. బండి మీద ముగ్గురు వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2020లో ఇదే చెప్పింది. ముగ్గురు ఎక్కినంత మాత్రాన కోత పెట్టకూడదు, దానికీ ప్రమాదానికీ సంబంధం కనపడాలి అంది. నలిగింది మోకాలు. తలకు టోపీ ఉంటే మోకాలు నిలిచేదా? మీ వకీలు అడగవలసింది ఈ ఒక్క ప్రశ్నే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ పాతిక శాతం. డాక్టరు తప్పు రాయలేదు. ఆయన కొలిచింది కాలు. మోకాలు ఎంత వంగుతోంది, కండ ఎంత తగ్గింది, ఎముక ఎలా అతుక్కుంది అని చూసి శాతం వేశారు. పరిహారం లెక్కలో అడిగే ప్రశ్న వేరు. ఈ గాయం వల్ల మనిషి సంపాదనలో ఎంత పోయింది అన్నది ఆ ప్రశ్న. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను విడమరిచి చెప్పింది. ఎడమ చేయి పోతే డ్రైవరుకో వడ్రంగికో సంపాదన దాదాపు నూటికి నూరు పాళ్లూ పోవచ్చు, అదే చేయి పోయిన ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగం పోకపోవచ్చు అని ఉదాహరణ కూడా ఇచ్చింది. గాయం ఒకటే అయినా లెక్కలు రెండు.

మీ ఆయన విషయంలో చిక్కు ఎక్కడ వస్తుందో నాకు ముందే కనిపిస్తోంది. చాలా ఏళ్ల కిందట ఒక నేత కార్మికుడి కేసు విచారణకు వచ్చినప్పుడు నేను కోర్టు హాల్లోనే ఉన్నాను. బీమా వకీలు చాలా సౌమ్యంగా అడిగాడు: "నేత అంటే కూర్చుని చేసే పనే కదా?" సాక్షి బోనులో ఉన్న మనిషి అవునన్నాడు. నిజమే కదా మరి, కూర్చునే చేస్తారు. ఆ వకీలు ఇక ఏమీ అడగలేదు. ఆ ఒక్క "అవును"తో కేసు బలం సగం పోయింది. మగ్గం చూడని మనిషికి అందులో కాలు చేసే పని ఏమిటో ఎలా తెలుస్తుంది? ఆ పూట హాల్లో ఉన్న ఎవరికీ తెలిసినట్టు లేదు, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకూ తెలియదు.

తర్వాత ఒక నేతగాడి ఇంట్లో చూశాను. గుంట అంచున కూర్చుని రెండు కాళ్లూ లోపలికి దింపాలి. కింద కాలితో తొక్కే చెక్కలు రెండుంటాయి. ఒకటి తొక్కితే సగం దారాలు పైకి లేస్తాయి, ఆ సందులోంచి అడ్డదారం మోసుకెళ్లే నాడె పోతుంది. రెండోది తొక్కితే మిగతా సగం లేస్తాయి, నాడె తిరిగి వస్తుంది. కుడి, ఎడమ, కుడి, ఎడమ, రోజంతా అదే వరస. ఒక కాలు పనిచేయకపోతే సగం చీర నేయలేరు కదా, అసలు నేతే ఆగిపోతుంది. పైగా మడతపడని మోకాలితో ఆ గుంటలోకి దిగడం, పైకి లేవడం మరో గండం. మీకు రోజూ కళ్ల ముందు ఉండేది కాబట్టి ఇది చెప్పవలసిన విషయమని కూడా మీకు తోచదు. ట్రిబ్యునల్‌లో గట్టిగా చెప్పవలసింది సరిగ్గా ఇదే.

కాబట్టి మగ్గాన్ని ఫొటోలు తీయించండి. గుంట లోతు టేపుతో కొలుస్తున్నట్టు ఒకటి, తొక్కే చెక్కలు కనబడేట్టు ఒకటి, మీ ఆయన గుంట అంచున కూర్చుని ఎడమ కాలు ఎంతవరకు దింపగలరో చూపేట్టు ఒకటి. వీలైతే పక్కింటి నేతగాడు ఒక నిమిషం నేస్తుండగా వీడియో తీయండి. ఫోనులో తీసిన వాటిని సాక్ష్యంగా పెట్టాలంటే వాటితో పాటు ఒక ధ్రువపత్రం దాఖలు చేయాలి, ఆ సంగతి వకీలుకు గుర్తు చేయండి. ఆపరేషన్ చేసిన డాక్టరు గానీ మెడికల్ బోర్డు డాక్టరు గానీ కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పాలి. కాగితం దాఖలు చేసి ఊరుకుంటే దాని విలువ సగమే. ఆ డాక్టరును మీ వకీలు "పాతిక శాతమేనా?" అని కాకుండా, "ఈ మోకాలితో ఈ మనిషి గుంట మగ్గం తొక్కగలడా?" అని అడగాలి. అడిగే ముందు ఫొటో చూపాలి.

ఒక జాగ్రత్త. నూటికి నూరు శాతం పోయిందని పంతం పట్టకండి. ఈయన ఇక ఏ పనీ చేయలేరా అని కూడా ట్రిబ్యునల్ చూస్తుంది. కుర్చీలో కూర్చుని చిటికి కట్టగలరు (రంగు వేసే ముందు నూలుకు ముడులు వేయడం), డిజైన్ గీయగలరు అనుకోండి, ఆ మాట దాచకుండా చెప్పండి. దానికి దొరికే కూలి ఎంత, నేతకు దొరికేది ఎంత అని పక్కపక్కన పెట్టి చూపండి. కాయగూరలు అమ్ముకునే ఒకాయన కాలు మోకాలి పైదాకా తీసేసిన కేసులో సుప్రీంకోర్టు 2014లో 85 శాతం సంపాదన పోయినట్టు లెక్కించింది. ఆదాయానికి కాగితం లేకపోయినా నెలకు 6,500 రూపాయలు వస్తాయని తానే అంచనా వేసింది. మీ ఆయన కాలు ఉంది కాబట్టి అంత రాకపోవచ్చు. అరవై శాతం దగ్గర నిలబెట్టగలిగితే అది మంచి కేసే అని నా అంచనా.

ఇంకో అపోహ కూడా ఊళ్లలో తిరుగుతోంది. వైకల్యం శాతం తేల్చి ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరంలో 40 శాతం రాకపోతే పరిహారమే రాదని అంటారు. ఆ 40 శాతం గీత వికలాంగుల పింఛనుకు. ట్రిబ్యునల్‌కు అలాంటి గీత లేదు.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. నెలకు 15,000 సంపాదన అనుకుందాం. నలభై ఏళ్ల లోపు వయసుండి సొంత పని చేసుకునేవారికి ముందు ముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలపాలని సుప్రీంకోర్టు 2017లో రాజ్యాంగ ధర్మాసనం ద్వారా చెప్పింది. గాయాల కేసులకు కూడా ఇది వర్తిస్తుందని 2020లో స్పష్టం చేసింది. అంటే 21,000. ఏడాదికి 2,52,000. వయసును బట్టి ఇన్నేళ్లతో హెచ్చించాలని 2009 నుంచి ఒక పట్టిక ఉంది. 36 నుంచి 40 ఏళ్ల వారికి అది 15. మొత్తం 37,80,000 అవుతుంది. ఇందులో పాతిక శాతం అంటే 9,45,000. అరవై శాతం అంటే 22,68,000. ఆదాయాన్ని 10,000కు తగ్గించినా పాతిక శాతానికి 6,30,000 వస్తుంది. మీ వాకిట్లోకి వచ్చిన రెండున్నర లక్షలను ఈ అంకెల పక్కన పెట్టి చూసుకోండి. వైద్యం, తిరుగుడు ఖర్చులు, ఇప్పటిదాకా పోయిన కూలి, పడిన నొప్పి, మున్ముందు ప్లేట్లు తీయించే ఖర్చు, ఇవన్నీ ఇంకా కలపనే లేదు.

ఈ లెక్కలో వయసు ఎంత పని చేస్తుందో చూశారా? ఆధార్‌లో మీ ఆయన వయసు ఎంతుందో ఒకసారి చూడండి. మన ఊళ్లలో చాలామందికి జనవరి 1 పుట్టినరోజు, ఏడాది కూడా ఎవరో ఉజ్జాయింపుగా వేసిందే. అందులో 41 అని ఉంటే కలిపేది 25 శాతానికి, హెచ్చించేది 14కు పడిపోతాయి. అరవై శాతం మీదే 3,78,000 రూపాయలు తేడా వస్తుంది. వయసుకు ఆధార్ కంటే బడి విడిచినప్పుడు ఇచ్చిన ధ్రువపత్రాన్నే నమ్మాలని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో ఇలాంటి పరిహారం కేసులోనే చెప్పింది. ఆయన ఎన్నో తరగతి దాకా చదివినా సరే, ఆ బడికి వెళ్లి రికార్డు తెచ్చుకోండి.

ఆదాయానికి రుజువు లేదని చాలామంది నేతవారు దిగులు పడతారు. నిజానికి కూలి పనులు చేసే మిగతావారి కంటే మీకే ఎక్కువ కాగితాలు ఉంటాయి, వెతకాలంతే. మీ ఆయన చేనేత పొదుపు పథకంలో సభ్యుడైతే అంతకంటే మంచి రుజువు లేదు. కూలిలో 8 శాతం నేతన్న కడితే ప్రభుత్వం 16 శాతం వేసే పథకం అది. నెలకు 1,200 కట్టినట్టు పాసుబుక్కులో ఉంటే కూలి 15,000 అని ఆ అంకే చెబుతుంది. అది ప్రమాదానికి ముందు నుంచి ఉన్న ప్రభుత్వ లెక్క కాబట్టి బీమా వకీలు కూడా కాదనలేడు. అది లేకపోతే సొసైటీ లెక్కల పుస్తకం, లేదా నూలు ఇచ్చి చీర తీసుకునే ఆసామి చిట్టా. ఆ ఆసామి సాక్ష్యానికి వస్తే చాలా మంచిది. రానంటే బతిమాలండి, మొహమాటపడకండి.

ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో జరిగింది కాబట్టి ఆ ఖర్చు మీరు పెట్టలేదు, అది అడగకండి. బయట కొన్న మందులు, ఫిజియోథెరపీ, నల్లగొండకూ హైదరాబాదుకూ తిరిగిన ఆటో, కారు కిరాయిలు అడగండి. బిల్లు రోగి పేరు మీద ఉందో లేదో చూసుకోండి. మీరు ఐదు నెలలు ఆయన్ను లేపి కూర్చోబెట్టి, స్నానం చేయించి, ఆసు పక్కన పెట్టి కూర్చున్నారు కదా, దానికీ పరిహారంలో చోటుంది. ఇంట్లో మనిషి చేసిన సేవ కాబట్టి విలువ లేదనడం కుదరదు. ఇది పిటిషన్‌లో రాయించండి. సాధారణంగా మర్చిపోతారు.

పోలీసు స్టేషన్‌లో ఒక పని ఉంది. ప్రమాదం మీద వివరమైన నివేదిక తయారు చేసి మూడు నెలల్లో ట్రిబ్యునల్‌కూ బీమా కంపెనీకీ పంపవలసిన బాధ్యత పోలీసులది. ఆ నివేదికనే ట్రిబ్యునల్ పిటిషన్‌గా తీసుకోవచ్చు కూడా. వెళ్లినప్పుడు అది పంపారా అని అడగండి. పంపారన్నా సరే, దాన్ని నమ్ముకుని ఊరుకోకుండా మీ పిటిషన్ మీరు వేయండి. ఎఫ్ఐఆర్, పంచనామా, గాయాల సర్టిఫికెట్, లారీని తనిఖీ చేసిన మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ నివేదిక, చార్జిషీటు నకళ్లు తీసుకోండి. లారీ బీమా పాలసీ నంబరు కూడా అక్కడే దొరుకుతుంది. లారీ డ్రైవరుకు లైసెన్సు లేదని తేలినా భయపడకండి. సాధారణంగా బీమా కంపెనీ ముందు మీకు చెల్లించి, తర్వాత లారీ యజమాని దగ్గర వసూలు చేసుకోవాలని కోర్టులు ఆదేశిస్తాయి.

మీరుండేదీ, ప్రమాదం జరిగిందీ నల్లగొండ జిల్లాలోనే కాబట్టి నల్లగొండలోనే పిటిషన్ వేయవచ్చు. హైదరాబాదులో వేస్తే ఎక్కువ వస్తుందని ఎవరైనా అంటే, వాయిదాలకు తిరిగే బస్సు చార్జీలు ఎవరిస్తారో అడగండి.

ముప్పై శాతం మనిషి గురించి. వచ్చే డబ్బులో వాటా ఇంత అని ఫీజు మాట్లాడుకోవడం వకీళ్లకు బార్ కౌన్సిల్ నియమాల్లోనే నిషిద్ధం. వకీలుకే లేని హక్కు మధ్యలో వచ్చిన మనిషికి ఎక్కడి నుంచి వస్తుంది? పైన కట్టిన లెక్కలో 22 లక్షలు వస్తే ఆరున్నర లక్షలు ఆయనకు పోతాయి. ఇలాంటివాళ్లు మొదట ఖాళీ చెక్కుల మీద, ఖాళీ స్టాంపు కాగితాల మీద సంతకాలు తీసుకుంటారు. డబ్బు బ్యాంకులో పడిన రోజు మీ కంటే ముందు వాళ్లు ఉంటారు. ఫీజు ఇవ్వలేని పరిస్థితి ఉంటే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. వైకల్యం ఉన్నవారికి, ఆదాయం తక్కువ ఉన్నవారికి ఉచితంగా వకీలును ఇస్తారు. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. అక్కడ ఇచ్చే వకీలు మంచివాడై ఉండడన్న అనుమానం చాలామందికి ఉంది. మంచివాళ్లూ ఉంటారు, కానివాళ్లూ ఉంటారు, బయట ఉన్నట్టే.

మధ్యలో లోక్ అదాలత్‌లో రాజీకి పిలుస్తారు. వెళ్లండి, వినండి. రాజీ చెడ్డదేమీ కాదు, రెండు మూడేళ్లు తిరగడం కంటే ఒక్కోసారి నాలుగు రూపాయలు తగ్గినా మేలే. కానీ అక్కడ ఒప్పుకుంటే మళ్లీ అప్పీలు ఉండదు. అందుకని డాక్టరు సాక్ష్యం అయ్యాక, కనీసం మోకాలు ఇక ఇంతే అని తేలాక మాత్రమే ఒప్పుకోండి. ఇప్పుడు తొందరపడితే రేపు రెండో ఆపరేషన్ అవసరమైనప్పుడు ఎవరినీ అడగలేరు. ఆలస్యం వల్ల మొత్తం నష్టమే అనుకోవద్దు. పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ కలుపుతారు, సాధారణంగా ఏడాదికి 6 నుంచి 9 శాతం మధ్య. అప్పు ఇచ్చినవాళ్లకు ఆ పిటిషన్ నంబరు చూపించి కొంత గడువు అడగవచ్చు.

చివరిగా మగ్గం. ఇప్పుడు అమ్మకండి. దానికి వచ్చే డబ్బు మీ అప్పులో ఏ మూలకూ సరిపోదు. పైగా మీ కేసుకు అది పెద్ద సాక్షి. మీ ఆయన ఏ గుంటలో కాలు దింపలేకపోతున్నారో ఆ గుంట కళ్ల ముందు ఉండాలి. ఫొటోలు, కొలతలు, సాక్ష్యాలు అన్నీ పూర్తయ్యేదాకా దాన్ని కదిలించకండి. ఈలోగా ఎవరికైనా కిరాయికి ఇచ్చినా, మీరే కూర్చుని నేసినా తప్పు లేదు. అయితే ఆ సంగతి మీ వకీలుకు మొదటి రోజే చెప్పండి. బీమా కంపెనీ వాళ్లు ఊళ్లోకి వచ్చి విచారిస్తారు. వీధిలోంచి వెళుతూ మగ్గం చప్పుడు వింటే, నేస్తున్నది ఎవరని అడగకుండా, ఈ ఇంట్లో నేత నడుస్తోందని మాత్రం రాసుకుని పోతారు.

బయల్దేరేటప్పుడు ఎక్స్‌రేలు మడత పెట్టకుండా అట్ట మధ్యలో పెట్టుకుని వెళ్లండి.